మదురైలో రెండు రోజులు: అమ్మ మోకాళ్లనీ, గుడి వేళల్నీ చూసుకుని వేసుకునే ప్లాను

నమస్కారం అండీ. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. చెన్నైలో ఉద్యోగం, ఒంగోలు నుంచి అమ్మగారు వచ్చి ఉన్నారు, ఆవిడకి 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఇంట్లో మీ ఆవిడ, తొమ్మిదేళ్ల పాప. ఫిబ్రవరిలో ఒక శుక్రవారం రాత్రి రైలెక్కి, సోమవారం పొద్దున ఆఫీసు వేళకి చెన్నైలో ఉండాలి. ఈ మధ్యలో మదురై, రామేశ్వరం, కొడైకెనాల్ మూడూ చూసేయొచ్చా, మదురైలో ఏం తినాలి, మీరిద్దరూ మాంసాహారం తింటారు గానీ అమ్మగారు శాకాహారి కాబట్టి ఇబ్బంది అవుతుందా అని అడిగారు.

బ్యాంకు ఉద్యోగంలో నేను మదురైలో ఏడేళ్లు ఉన్నాను. అమ్మానాన్నల్ని, అత్తగారిని, చెల్లెలి కుటుంబాన్ని, హైదరాబాదు నుంచి వచ్చిన స్నేహితుల్ని ఎన్నిసార్లు మీనాక్షమ్మ గుడికి వెంటపెట్టుకుని వెళ్లానో లెక్క లేదు. ఆ అనుభవంతో చెప్తున్నాను, రామేశ్వరం, కొడై రెండూ తీసేయండి. ఒక్క మదురైకే వెళ్లండి.

ఎందుకో చెప్తాను. మదురై నుంచి రామేశ్వరం దాదాపు 170 కిలోమీటర్లు. కొడై ఇంకో దిక్కున సుమారు 120 కిలోమీటర్లు, అందులో చివరి భాగమంతా ఘాట్ రోడ్డు. పోనూ రానూ కలిపితే దగ్గర దగ్గర 580 కిలోమీటర్లు. రెండు పగళ్లలో అంత దూరం కూర్చున్నాక అమ్మగారు కారు దిగి నిలబడడానికే అవస్థ పడతారు. పైగా రామేశ్వరం వెళ్లి 22 తీర్థాల స్నానం చేయకుండా రావడానికి ఆవిడ మనసొప్పదు. తడి రాతి మీద, తడి బట్టలతో, బావి నుంచి బావికి నడవాలి. దానికి వేరే రెండు రోజులు పెట్టుకుని, నింపాదిగా తీసుకెళ్లండి.

ఈ తప్పు నేను చేశాను కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను. మదురైలో చేరిన మొదటి ఏడాది మే నెలలో నాన్న వచ్చారు. మీలాగే రెండు రోజుల్లో మూడు ఊళ్లు అనుకున్నాం. దారిలో ఒకటి రెండు చోట్ల ఆగి గుడి దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట కావస్తోంది. తలుపులు వేసేశారు. చెప్పులు అప్పటికే స్టాండులో ఇచ్చేశాం. చిత్తిరై వీధిలో పరిచిన రాళ్లు పెనంలా కాలుతున్నాయి. నాన్న ఒక పూల కొట్టు నీడలో, గట్టు అంచున, పాదాలు పైకి పెట్టుకుని కూర్చున్నారు. నాలుగింటిదాకా ఆగితే రామేశ్వరం తప్పిపోతుందని ఆయన్ని మళ్లీ కారెక్కించాను. ఆయన ఆ రోజు ఏమీ అనలేదు. ఊరెళ్లాక ఎవరో అడిగితే, "మధుర దాకా వెళ్లాం గానీ అమ్మవారిని చూడలేదు" అన్నారట. ఆ మాట అమ్మ చెప్తే విన్నాను. తర్వాతి ఫిబ్రవరిలో ఆయన్ని ఒక్క మదురైకే పిలిపించి, కింద రాయబోతున్న పద్ధతిలోనే రెండు రోజులు తిప్పాను. అప్పట్నుంచి ఎవరొచ్చినా అదే పద్ధతి.

పద్ధతి అంటే పెద్దగా ఏమీ లేదు. ఆ ఊరు గుడి గడియారం మీద నడుస్తుంది, మనమూ దాని మీదే నడవాలి. గుడి పొద్దున ఐదింటికి తెరుస్తారు, పన్నెండున్నరకి మూస్తారు. మళ్లీ సాయంత్రం నాలుగింటికి తెరిస్తే రాత్రి తొమ్మిదిన్నర, పది దాకా ఉంటుంది. మధ్యాహ్నం మూసిన ఆ మూడున్నర గంటలూ మీరూ గదిలోనే ఉండండి. భోంచేసి, అమ్మగారు కాళ్లు చాపుకుని పడుకోవాలి, పాప పడుకోవాలి, మీరూ పడుకోవాలి. ఆ నిద్ర ఉంటేనే రాత్రి తొమ్మిదింటి దాకా అందరూ హుషారుగా తిరగగలరు. మదురైని తమిళంలో తూంగా నగరం అంటారు, నిద్రపోని ఊరు అని. రాత్రే ఆ ఊరి అందం, కాబట్టి మీ ఓపికని రాత్రికి దాచుకోండి.

ముందు టికెట్ల సంగతి. చెన్నై ఎగ్మూరు స్టేషను నుంచి రాత్రి బయల్దేరే పాండియన్ ఎక్స్‌ప్రెస్ తెల్లవారుజామున మదురైలో దింపుతుంది. వెనక్కి కూడా ఆ రైలే, ఆదివారం రాత్రి తొమ్మిది దాటాక బయల్దేరుతుంది. అమ్మగారి టికెట్టు మీ ముగ్గురితో కలపకండి. సీనియర్ సిటిజన్ల లోయర్ బెర్త్ కోటాలో విడిగా తీయండి. ఒకే టికెట్టులో నలుగురినీ పెడితే ఆ కోటా వర్తించదు, అప్పర్ బెర్త్ వస్తే అర్ధరాత్రి ఎవరినో బతిమాలుకోవాలి. 60 రోజుల ముందు రిజర్వేషన్ తెరుస్తారు, శుక్ర, ఆదివారాలకి త్వరగా అయిపోతాయి.

గది విషయంలో మాత్రం డబ్బు దగ్గర వెనకాడకండి. స్టేషనుకీ గుడి పడమటి గోపురానికీ మధ్య వెస్ట్ పెరుమాళ్ మేస్త్రి వీధి, టౌన్‌హాల్ రోడ్డు ఉంటాయి. అక్కడ అన్ని ధరల్లోనూ హోటళ్లున్నాయి. గుడికి నడిచిపోయేంత దూరం. ఫోన్ చేసినప్పుడు మూడు అడగండి: లిఫ్టు ఉందా, వెస్టర్న్ టాయిలెట్టేనా, పొద్దున ఆరింటికే గది ఇస్తారా. చాలాచోట్ల మధ్యాహ్నం పన్నెండుకి గాని ఇవ్వరు. అవసరమైతే శుక్రవారం రాత్రికి కూడా అద్దె కట్టేయండి. రాత్రంతా రైల్లో వచ్చిన మనిషికి వేణ్ణీళ్ల స్నానం, రెండు గంటల నిద్ర దొరకడం చాలా ముఖ్యం. ఊరి బయట రింగు రోడ్డు వైపు ఇంకా పెద్ద హోటళ్లు తక్కువకి వస్తాయి, కానీ అక్కడ దిగితే మధ్యాహ్నం గదికి వచ్చి పడుకునే వీలు పోతుంది.

ఫిబ్రవరి ఎంచుకోవడం బాగుంది. నవంబరు సగం నుంచి సంక్రాంతి దాకా శబరిమల వెళ్లే స్వాములు మదురై మీదుగానే వెళ్తారు. మన రెండు రాష్ట్రాల బస్సులూ బారులు తీరి ఉంటాయి, దర్శనానికి గంటలు పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మీనాక్షమ్మ కల్యాణం జరిగే చిత్తిరై ఉత్సవం. అది చూడాల్సిందే, కానీ మోకాళ్ల నొప్పులున్న మనిషితో, చిన్నపిల్లతో ఆ జనంలోకి వద్దు.

శనివారం పొద్దున స్నానాలయ్యాక ఇడ్లీ తినండి. మురుగన్ ఇడ్లీ షాప్ చెన్నైలో మీకు తెలిసే ఉంటుంది, దాని పుట్టిల్లు మదురైయే. నేనైతే పెద్ద పేర్ల కోసం వెతకొద్దంటాను. మాసి వీధుల్లో ఉదయం ఆవిర్లు కక్కుతున్న ఏ చిన్న టిఫిన్ సెంటరైనా సరే, ఇడ్లీ మల్లెపువ్వులా ఉంటుంది. అరిటాకు మీద నాలుగు రకాల చట్నీలు, సాంబారు, అడిగితే పొడి, నువ్వులనూనె. మన వైపు ఇడ్లీకి రవ్వ వాడతాం. అక్కడ బియ్యం రుబ్బి పోస్తారు, అందుకే ఆ మెత్తదనం వేరు. అమ్మగారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే పిండి ఎలా రుబ్బారని అడుగుతారు. మా అత్తగారు వంటింటి గుమ్మం దాకా వెళ్లి అడిగి మరీ వచ్చారు.

వీధుల గురించి ఒక్కమాట, దారి తప్పకుండా ఉంటారు. గుడి చుట్టూ వీధులు ఒకదాని చుట్టూ ఒకటి చతురస్రాలుగా ఉంటాయి. ప్రాకారం లోపల ఆడి వీధులు, గోడ బయట చిత్తిరై, తర్వాత ఆవణిమూల, తర్వాత మాసి, అన్నిటికన్నా బయట వెళి వీధులు. వెళి అంటే వెలుపల అనే అర్థం, మిగతావన్నీ తమిళ మాసాల పేర్లు. ఏ మాసంలో ఉత్సవం ఏ వీధుల్లో ఊరేగుతుందో దాన్ని బట్టి పెట్టుకున్నవి. ప్రతి చతురస్రానికీ తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం ఉంటాయి. ఈస్ట్ మాసి, వెస్ట్ మాసి అని బోర్డులు కనిపిస్తే ఎక్కడున్నారో వెంటనే తెలిసిపోతుంది. పాపకి ఇది ముందే బొమ్మ గీసి చూపించండి, దారి తనే చెప్తుంది.

టిఫిన్ అయ్యాక ఆటోలో తిరుమల నాయకుడి మహలుకి వెళ్లండి. తొమ్మిదికి తెరుస్తారు. 1636లో కట్టింది. ఇప్పుడు మనకి కనిపించేది అసలు మహల్లో పావు వంతు మాత్రమే. తిరుమల నాయకుడి మనవడు చొక్కనాథ నాయకుడు రాజధానిని తిరుచిరాపల్లికి మార్చుకుంటూ ఇందులోంచి చాలా భాగం విప్పించి తీసుకెళ్లాడు. మిగిలిన దాన్ని 1866 తర్వాత మద్రాసు గవర్నరు నేపియర్ బాగు చేయించాడు. ఆ స్తంభాల లావు చూడాలి, పాప చేతులు చాచి పట్టుకుంటే సగం కూడా అందవు. గవ్వల సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన కలిపి పూశారని చెప్తారు, ఆ నున్నదనం చేతికి తెలుస్తుంది. అక్కడ అమ్మగారికి ఒక సంగతి చెప్పండి. ఈ నాయక రాజులు విజయనగరం పంపగా 16వ శతాబ్దంలో వచ్చి ఇక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్లు. ఇంట్లో తెలుగే మాట్లాడుకున్నారు, తెలుగు కవుల్ని పోషించారు. ఊళ్లో ఇప్పటికీ నాయుళ్ల ఇళ్లలో తెలుగు వినిపిస్తుంది. వాళ్ల యాస కొంచెం వేరు, మాటల్లో సగం తమిళం కలిసిపోయి ఉంటుంది, అయినా మనం తెలుగులో పలకరిస్తే వాళ్ల ముఖాలు విచ్చుకుంటాయి. మా వీధి చివర కిరాణా కొట్టు పెద్దాయన నన్ను ఏడేళ్లూ "ఏమ్మా, బాగుండారా" అనే పలకరించాడు.

మహల్లో గంటన్నర చాలు. పదకొండున్నరకల్లా భోజనానికి కూర్చోండి. శాకాహార భోజనానికి మదురైలో లోటు లేదు, అమ్మగారి గురించి బెంగపడకండి. అరిటాకులో సాంబారు, వత్తకుళంబు (ఒరుగుల పులుసు), రసం, కూట్టు (పప్పు కలిపిన కూర), పొరియల్ (వేపుడు కూర), పెరుగు. మన ముద్దపప్పు, ఆవకాయ దొరకవు కాబట్టి ఆవిడ కోసం చిన్న సీసాలో ఆవకాయ పట్టుకెళ్తే పెరుగన్నంలోకి పనికొస్తుంది. తర్వాత గదికి వెళ్లి పడుకోండి.

నాలుగింటికి గుడికి బయల్దేరే ముందు సెల్‌ఫోన్లు గదిలోనే పెట్టేయండి. 2018లో గుడిలో అగ్నిప్రమాదం జరిగినప్పట్నుంచి ఫోన్లు లోపలికి రానివ్వడం లేదు. గోపురాల దగ్గర లాకర్లు ఉన్నాయి గానీ, అక్కడో వరస, తిరిగి తీసుకునేటప్పుడు ఇంకో వరస. మగవాళ్లు షార్ట్స్ వేసుకోకూడదు, పంచె గానీ ప్యాంటు గానీ ఉండాలి. ఫోను ఉండదు కాబట్టి, ఎవరైనా తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి. బంగారు తామర కొలను మెట్ల దగ్గర అనుకుంటే సులువు, లోపల ఎవర్ని అడిగినా "పొట్రామరై కుళం" అంటే చూపిస్తారు. ఈ మాట పాప చేత రెండుసార్లు అనిపించండి. అమ్మగారికి వీల్‌చైర్ కావాలంటే ద్వారం దగ్గర సిబ్బందిని అడగండి, అడగడానికి ఆవిడ మొహమాటపడతారు, మీరే అడగండి. పాదాలకి పాత మేజోళ్లు వేసుకోమనండి, సాయంత్రం కూడా రాయి కాస్త వేడిగానే ఉంటుంది.

ఎత్తయినది దక్షిణ గోపురం, 170 అడుగులు. కానీ లోపలికి తూర్పు వైపు అష్టశక్తి మండపం గుండా వెళ్లండి. ఆ దారి నేరుగా అమ్మవారి సన్నిధి వైపే పోతుంది. ఈ గుడిలో ముందు మీనాక్షమ్మ, తర్వాతే సుందరేశ్వరుడు. ఆవిడ పాండ్య రాజు కూతురు, పట్టాభిషేకం చేసుకుని రాజ్యమేలిన రాణి. శివుడు ఈ ఇంటికి అల్లుడుగా వచ్చినవాడు. చిత్తిరై ఉత్సవంలో ఏటా ఆవిడకి కిరీటం పెట్టి రాజదండం చేతికిస్తారు. అక్కణ్నుంచి నాలుగు నెలలు ఊరి పాలన ఆవిడది, మిగిలిన ఎనిమిది నెలలు ఆయనది అని లెక్క. మన ఆడపిల్లలకి ఈ కథ తప్పకుండా చెప్పాలి. కుడిచేతిలో పువ్వు, దాని మీద చిలుక. పాపని ఎత్తుకుని చూపించండి, వరసలో నిలబడ్డ పిల్లలకి పెద్దవాళ్ల వీపులే కనిపిస్తాయి.

దర్శనం అయ్యాక వెంటనే బయటపడకండి. నిజానికి గుడి చూడడం అప్పుడే మొదలవుతుంది. స్వామి సన్నిధికి వెళ్లే దారిలో ముక్కురుణి వినాయకుడు ఉంటాడు, ఎనిమిది అడుగుల దాకా ఉండే విగ్రహం. వండియూర్ తెప్పకుళం అనే పెద్ద కోనేరు తవ్విస్తుంటే తిరుమల నాయకుడి మనుషులకి దొరికిందని చెప్తారు. వినాయక చవితి నాడు మూడు కురుణుల (కురుణి అంటే పాత తమిళ కొలత) బియ్యప్పిండితో ఒకే ఒక్క పెద్ద ఉండ్రం చేసి పెడతారు, ఆ పేరు అందుకే. కంబత్తడి మండపంలో మీనాక్షి కల్యాణం శిల్పం చూడండి. విష్ణువు చెల్లెలి చేతిని శివుడి చేతిలో పెడుతుంటే, ఆవిడ తల కొంచెం వంచుకుని ఉంటుంది. ఆ రాతిలో సిగ్గు కనిపిస్తుంది. ఎన్నిసార్లు చూసినా నేను అక్కడ ఆగకుండా ముందుకి పోలేదు. స్వామి సన్నిధి ముందు వెండి సభలో నటరాజుని చూపించి, ఏ కాలు ఎత్తాడో పాపని చెప్పమనండి. అన్నిచోట్లా ఎడమకాలు ఎత్తి ఉంటాడు, ఇక్కడ కుడికాలు. ఒక పాండ్య రాజు నాట్యం నేర్చుకుని, ఎప్పుడూ ఒకే కాలి మీద నిలబడితే స్వామికి ఎంత నొప్పో అని బాధపడి, కాలు మార్చమని వేడుకున్నాడట. మోకాళ్ల నొప్పులతో నడుస్తున్న అమ్మగారికి ఈ కథ ఎంత దగ్గరగా తగులుతుందో మీరే చూస్తారు. మా అమ్మ అక్కడే నిలబడి కళ్లు తుడుచుకుంది.

వెయ్యి స్తంభాల మండపంలో ఉన్నవి 985 స్తంభాలు. 1569లో నాయక రాజుల మంత్రి అరియనాథ ముదలియార్ కట్టించాడు. ఓపికుంటే వెళ్లండి, లేకపోతే వదిలేయండి. దానికన్నా కొలను మెట్ల మీద అరగంట కూర్చోవడం మంచిది. సాయంత్రం ఎండ పోతున్నప్పుడు గోపురాల రంగులు ఒక్కొక్కటిగా మెత్తబడతాయి, లోపల నాదస్వరం మొదలవుతుంది. ఏమీ చేయకుండా కూర్చోండి.

ఆరున్నర ప్రాంతంలో బయటికి వచ్చి, ఆటోలో విళక్కుత్తూణ్ దగ్గరికి వెళ్లండి. అక్కడ ఫేమస్ జిగర్తండా అనే కొట్టుంది. జిగర్ అంటే గుండె, తండా అంటే చల్లన. చేయడం చూడండి, అది కూడా ఒక ముచ్చట. గ్లాసు అడుగున రాత్రంతా నానబెట్టిన బాదం బంక ఒక గరిటెడు వేస్తాడు. అది ఉబ్బి, గాజుముక్కల్లా మెరుస్తూ ఉంటుంది. దాని మీద నన్నారి షర్బత్తు. రాయలసీమలో ఎండాకాలం నన్నారి సోడా తాగినవాళ్లు ఆ వాసన వెంటనే పోల్చుకుంటారు, సుగంధి వేళ్లతో చేసిందే. దాని పైన గంటల తరబడి కాచి, రంగు మారి, చిక్కబడ్డ చల్లని పాలు. ఆ పైన అదే పాలతో చేసిన ఐస్‌క్రీమ్, చివర్న కోవా లాంటి మీగడ. చెంచా వేసి కలపొద్దు, పైనుంచి కిందికి తినండి, చివరికి బంక పంటికి తగులుతుంది. చాలా తియ్యగా ఉంటుంది, అమ్మగారికి షుగరుంటే ఇద్దరికి ఒక గ్లాసు చాలు. ఆవిడకి నేను చెప్పేది వేరే ఉంది, పరుత్తిపాల్. పత్తిగింజలు నానబెట్టి, రుబ్బి, పిండిన పాలలో కాస్త బియ్యప్పిండి, బెల్లం, శొంఠి, యాలకులు వేసి కాస్తారు, మీద కొబ్బరి చల్లుతారు. సాయంత్రాలు బండి మీద పెద్ద బిందెలో పొగలు కక్కుతూ అమ్ముతారు. వేడిగా, చిక్కగా, జావకీ పాయసానికీ మధ్యలో ఉంటుంది. పత్తి పండించే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం, పత్తిగింజలు గేదెలకి పెట్టడమే తెలుసు మనకి. మా నాన్న మొదట వద్దన్నారు, తర్వాత రెండు గ్లాసులు తాగారు.

మళ్లీ గదికి వెళ్లి గంటసేపు నడుం వాల్చి, ఎనిమిదిన్నరకి గుడికి రండి. ఈ రెండో సారి వెళ్లడం చాలామంది చేయరు. నాకు మదురైలో అన్నిటికన్నా ఇష్టమైనది అదే. మన తిరుమలలో ఏకాంత సేవ లాంటిది, అక్కడ పళ్లియరై పూజ అంటారు. రాత్రి తొమ్మిది ప్రాంతంలో సుందరేశ్వరుడి పాదుకల్ని వెండి పల్లకిలో పెట్టి, ఆయన సన్నిధి నుంచి అమ్మవారి సన్నిధిలోని పడకగదికి తీసుకెళ్తారు. అప్పటికి జనం పలచబడతారు, దీపాలు తగ్గుతాయి. దూరం నుంచి డోలు, నాదస్వరం వినిపిస్తాయి. తర్వాత సాంబ్రాణి పొగ. ఆ పొగలోంచి, మల్లెదండలు వేలాడుతున్న చిన్న పల్లకి భుజాల మీద ఊగుతూ వస్తుంది. పక్కన ఒకరు వింజామర వీస్తుంటారు. మీ ముందు నుంచి వెళ్లేది ఒక్క నిమిషం. రోజూ రాత్రి జరిగేదే, అయినా ఆ నిమిషంలో అందరూ మాటలు ఆపేస్తారు. అమ్మగారిని ముందే అమ్మవారి సన్నిధి దారిలో ఒక స్తంభం పక్కన కూర్చోబెట్టండి, నిలబడి ఎదురుచూడనక్కర్లేదు.

తర్వాత అమ్మగారిని, పాపని గదిలో పడుకోబెట్టి మీ ఇద్దరూ బయటికి వెళ్లండి. మాంసాహారం తింటామన్నారు కదా. సిమ్మక్కల్ కోనార్ మెస్‌లో కరి దోసె తినండి. ఇనుప పెనం మీద మందంగా దోసె పోసి, దాని మీద గుడ్డు కొట్టి పరిచి, పైన మిరియాలతో వేయించిన ఖైమా లాంటి మేకమాంసం అద్ది, తిరగేసి కాలుస్తారు. ఒకటి ఇద్దరికి సరిపోతుంది. వీధిలోకి వస్తే కొత్తు పరోటా కొడుతున్న చప్పుడు రెండు సందుల అవతలి నుంచే వినిపిస్తుంది. తల్లిని, పిల్లని చూసుకుంటూ తిరిగే ఈ ప్రయాణంలో మీరిద్దరే గడిపే గంట ఇదొక్కటే ఉంటుంది, మానుకోకండి.

ఆదివారం పొద్దున కారు మాట్లాడుకుని అళగర్ కోవిల్ వెళ్లండి, సుమారు 20 కిలోమీటర్లు. కొండ పాదంలో, చెట్ల మధ్య విష్ణు ఆలయం, 108 దివ్యదేశాల్లో ఒకటి. అమ్మగారికి మెట్ల బాధ పెద్దగా ఉండదు. ధనుర్మాసంలో గోదాదేవి పాశురాలు వినే అలవాటుంటే చెప్పండి, నూరు గంగాళాల వెన్న, నూరు గంగాళాల అక్కారవడిసల్ (పాలు, బెల్లం, నెయ్యి వేసి వండే పొంగలి) పెడతానని గోదమ్మ మొక్కుకున్నది ఈ స్వామికే. అక్కడి ప్రసాదం దోసె. పొట్టు మినుములతో, నెయ్యిలో వేయించిన మందపు దోసె, మిరియాల ఘాటుతో. పొద్దున్నే వెళ్తే వేడిగా దొరుకుతుంది. పైన కొండ మీద నూపుర గంగ, పళముదిర్చోలై మురుగన్ గుడి ఉన్నాయి, కానీ ఈసారికి వద్దు. కోతులు చేతిలో సంచీ లాక్కుంటాయి, ప్రసాదం లోపలే తినేయండి.

తిరిగి వచ్చేటప్పుడు దారిలోనే గాంధీ మ్యూజియం. రాణి మంగమ్మ మహల్లో 1959లో పెట్టారు. ఆయన హత్య నాడు కట్టుకున్న, నెత్తురు మరకలున్న బట్ట ఇక్కడే ఉంది. గాంధీ చొక్కా, టోపీ వదిలి కొల్లాయి కట్టింది కూడా ఈ ఊళ్లోనే, 1921 సెప్టెంబరు 22న, వెస్ట్ మాసి వీధిలో బస చేసిన ఇంట్లో. ఆ ఇంట్లో ఇప్పుడు ఖాదీ దుకాణం ఉంది. నిన్న ఇడ్లీ తిన్న వీధే అని పాపకి చెప్పండి. పాపకి తవ్వకాలూ పాత వస్తువులూ అంటే ఇష్టమైతే దీని బదులు కీళడి వెళ్లొచ్చు, 2023లో మ్యూజియం తెరిచారు. రెండు వేల ఏళ్లకి పైబడిన పాచికలు, మట్టి ఆటబొమ్మలు ఉన్నాయి. కాకపోతే అది ఊరికి ఇంకో వైపు, రెండూ పెట్టుకోవద్దు.

మధ్యాహ్నం మళ్లీ నిద్ర. సాయంత్రం కొనుక్కోవడానికి పెట్టుకోండి. గుడి తూర్పు గోపురం ఎదురుగా పుదు మండపం ఉంది, అందులో తరతరాలుగా శిల్పాల మధ్యే దర్జీలు, గాజులవాళ్లు కొట్లు పెట్టుకుని ఉండేవాళ్లు. ఇప్పుడు వాళ్లని పక్కనే కున్నత్తూర్ సత్రానికి మార్చారు. అమ్మగారికి ఒక సుంగుడి చీర కొనండి. సౌరాష్ట్రులు అనే నేతవాళ్లు వందల ఏళ్ల క్రితం వచ్చి ఇక్కడ స్థిరపడి చేస్తున్న నూలు చీర, 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుడ్డని వేలితో గిల్లి పట్టి, దారంతో ముడి వేసి, రంగులో ముంచుతారు. ముడి విప్పితే చుక్క వస్తుంది. అచ్చు వేసినవి ఎక్కువ అమ్ముడుపోతున్నాయి ఇప్పుడు, అవీ మెత్తగానే ఉంటాయి. ముడి వేసినదే కావాలంటే చుక్క మీద వేలు పెట్టి చూడండి, గుడ్డ కొంచెం పైకి లేచి గరుగ్గా తగలాలి, చుక్కలన్నీ ఒకే కొలతలో ఉండకూడదు. స్టేషను వైపు నడుస్తూ ప్రేమ విలాస్‌లో వేడి హల్వా ఆకులో పెట్టించుకోండి.

మల్లెపూలు చివర్న కొనండి. ఫిబ్రవరిలో మంచుకి మొగ్గ తక్కువ వస్తుంది, ధర ఎక్కువే ఉంటుంది, అయినా కొనండి. మొగ్గలు తెల్లవారకముందే కోసి తెస్తారు, సాయంత్రానికి విచ్చుకోవడం మొదలవుతుంది. విచ్చుకున్న దండ తీసుకోవద్దు. అరటినారతో దగ్గరదగ్గరగా కట్టిన, ఇంకా ముడుచుకునే ఉన్న మొగ్గలు నాలుగు మూరలు తీసుకుని, రెండు మూరలు అమ్మగారికీ మీ ఆవిడకీ తలలో పెట్టండి. మిగతా రెండు మూరలు అరిటాకులో చుట్టించి, ప్లాస్టిక్ సంచిలో కాకుండా విడిగా, అమ్మగారి బెర్త్ తలవైపు కొక్కేనికి వేలాడదీయండి. దిండిగల్ దాటేసరికి విచ్చుకోవడం మొదలవుతుంది.